ఎండ కాచే ఊరిలో ఎండ కరవు

పంజాగుట్ట నుంచి అమీరుపేటకు పట్టపగలు నడిచి వెళ్లినవారితో, ఈ ఊరిలో ఎండకు కొదువ ఉన్నదని చెబితే నవ్విపోతారు. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది. ఏటా రెండుసార్లు, మే 9 ప్రాంతంలోను, ఆగస్టు 3 ప్రాంతంలోను, సూర్యుడు సరిగా నడినెత్తి మీదికి వస్తాడు. అయినా ఆ దారికి ఇరుప్రక్కల ఉన్న రక్తపరీక్షశాలల నుంచి, విటమిన్ ‘డి’ తక్కువగా ఉన్నదని వ్రాసిన కాగితం చేతబట్టుకొని బయటికి వచ్చేవారు కనబడుతూనే ఉంటారు.

ఈ వ్యాసకర్త కూడా వారిలో ఒకడు. డాక్టరుగారు పొడి పొట్లాలు వ్రాసియిచ్చి, వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు పాలలో కలుపుకొని త్రాగమన్నారు. ఒక్కొక్క పొట్లంలో 60,000 యూనిట్లు. రెండు నెలలకు రక్తంలో లెక్క సరిపోయింది. ఒళ్లునొప్పులు కూడా తగ్గాయి. ఏడాది తిరిగి వచ్చేసరికి కథ మళ్లీ మొదటికే వచ్చింది. ముప్పయి ఏండ్లు బడిలో ఇతరులకు ‘ఎందుకు?’ అన్న ప్రశ్న నేర్పినవాడిని, నా విషయంలో ఆ ప్రశ్న వేసుకొనక తప్పలేదు. దానికి జవాబు వెదకబోతే మూడున్నర శతాబ్దాల చరిత్ర తిరగవేయవలసి వచ్చింది.

రికెట్స్ అనే వ్యాధి పేరు ఉపాధ్యాయులకు తెలిసినదే. పసిపిల్లల ఎముకలు గట్టిపడక, నడక నేర్చేసరికి కాళ్లు వంగి దొడ్డికాళ్లవుతాయి. దీనినిగూర్చి 1645లో విస్లర్ అనే ఆంగ్లేయుడు లైడెన్ విశ్వవిద్యాలయంలో ఒక సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. 1650లో గ్లిసన్ అనే వైద్యుడు పెద్ద గ్రంథమే వ్రాశాడు. ఇద్దరూ వ్యాధిని చక్కగా వర్ణించారే గాని కారణం చెప్పలేకపోయారు. ఆ తరువాత ఐరోపాలో ఫ్యాక్టరీలు వెలిశాయి. ఇరుకు సందులు, బొగ్గుపొగ పట్టణాలను కప్పివేశాయి. పోలండు వైద్యుడు స్నియాదెట్స్కీ 1822లో ఒక విషయం గమనించాడు. పట్టణపు పిల్లలకు వచ్చే ఈ వ్యాధి పల్లెపిల్లలకు రావడం లేదు. కనుక పిల్లలను ఆరుబయట ఎండలో ఉంచండి అన్నాడు. ఆ మాట ఎవరూ చెవిని పెట్టలేదు.

1890లో పామ్ అనే వైద్యుడు అదే మాట మరొక దారిన చెప్పాడు. ఆయన జపానులో పనిచేసి ఇంగ్లండుకు తిరిగివచ్చినవాడు. జపానులో కనబడని దొడ్డికాళ్లు స్వదేశంలో వీధివీధినా కనబడేసరికి ఆశ్చర్యపడి, ఆసియా ఖండంలో పనిచేస్తున్న తోటి వైద్యులకు ఉత్తరాలు వ్రాసి సమాచారం సేకరించాడు. పేదరికం, మురికి, చాలీచాలని తిండి ఉన్నచోట్ల కూడా ఎండ బాగా ఉంటే రికెట్స్ లేదని తేల్చాడు. ప్రయోగశాల లేకుండా, తపాలా బిళ్లల ఖర్చుతో సాగిన ఈ పరిశోధన అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

తరువాత శాస్త్రజ్ఞులు రెండు పక్షాలైనారు. 1919లో ఇంగ్లండులో మెలన్‌బీ కుక్కపిల్లలకు ఓటు ధాన్యం ముఖ్యాహారంగా పెట్టి రికెట్స్ కలిగించి, కాడ్ చేప కాలేయపు నూనెతో దానిని నివారించాడు. కనుక లోపం ఆహారంలో ఉన్నదన్నాడు. ఆ కుక్కలను ఎండ తగలకుండా ఇంటిలోపల పెంచారన్న సంగతికి ఆయన అంత ప్రాముఖ్యం ఇవ్వలేదు. అదే సంవత్సరం బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు రోగులైన పిల్లలకు పాదరసపు దీపం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు సోకించి వ్యాధి నయం చేశాడు. ఒక చేతికి మాత్రమే కిరణాలు తగిలించినా రెండవ చేతి ఎముకలు కూడా బాగుపడటం విశేషం. అనగా చర్మంలో ఏదో పుట్టి, రక్తంలో కలిసి, దేహమంతా తిరుగుతున్నదన్న మాట!

1922లో అమెరికాలో మెకాలమ్ చేపనూనెను వేడిచేసి గాలి పట్టించి, అందులోని విటమిన్ ‘ఏ’ని నశింపజేశాడు. అయినా నూనెకు రికెట్స్ కుదిర్చే శక్తి పోలేదు. అప్పటికి ఏ, బీ, సీ అక్షరాలు అయిపోయినవి కనుక ఈ కొత్త పదార్థం ‘డి’ అయింది. యుద్ధానంతరం ఆకలితో అలమటిస్తున్న వియన్నా నగరంలో హారియట్ చిక్ బృందం, నూనె పనిచేస్తుంది, ఎండ కూడా పనిచేస్తుంది, అని పిల్లల ఆస్పత్రిలోనే నిరూపించింది. 1924లో స్టీన్‌బాక్, హెస్ విడివిడిగా పనిచేసి, కొన్ని ఆహారపదార్థాలపై అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తే వాటికే ఆ గుణం వస్తుందని చూపారు. దానితో తగవు తీరింది. ఇరుపక్షాలవారూ చెప్పుతున్నది ఒకే వస్తువునుగూర్చి. స్టెరాల్ పదార్థాలకూ విటమిన్లకూ గల సంబంధం కనుగొన్నందుకు విండౌస్‌కు 1928లో నోబెల్ బహుమానం లభించింది.

ఇక మనదేశానికి వద్దాం. హచిసన్, షా అనే వైద్యులు 1922లో ప్రకటించిన నాసిక్ పరిశీలన మన పాఠ్యగ్రంథాలలో ఉండదగినది. పొలం పనికి పోయే పేదతల్లులు బిడ్డలను గట్టు మీద పడుకోబెట్టేవారు. తిండి అంతంతమాత్రమే, కాని ఆ బిడ్డలకు రికెట్స్ లేదు. పాలు, నెయ్యి సమృద్ధిగా ఉండి, ఘోషా మూలంగా గడప దాటని తల్లుల బిడ్డలకు ఆ వ్యాధి ఉన్నది. 1928లో కాథ్లీన్ వాన్ అనే వైద్యురాలు, ఘోషాలో ఉండే స్త్రీలకు వెలుతురు తగలక ఎముకలు మెత్తబడి, కటివలయం కుంచించుకొని, కాన్పులు ప్రాణాంతకమవుతున్నాయని ఒక పుస్తకమే ప్రకటించింది. కలవారి ఇంటిలో కరవు, లేనివారి ఇంటిలో సమృద్ధి: పోషకాహార చరిత్రలో ఇట్టి తలక్రిందుల సంగతి అరుదు.

అయినా ‘ఎండదేశంలో విటమిన్ డి లోపమేమిటి?’ అన్న నమ్మకం చాలాకాలం నిలిచింది. కూనూరులో మెకారిసన్ ప్రారంభించిన పోషకాహార పరిశోధనశాల 1958లో మన హైదరాబాదుకు, తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1960 దశకంలో పంజాగుట్టలో నిజాం పేరిట ఎముకల ఆస్పత్రి వెలసింది. నేటి నిమ్స్ అదే. అదే దశకంలో, 1962లో, స్కాట్లండులోని గ్లాస్గోలో స్థిరపడిన పాకిస్తాన్ కుటుంబాలలో రికెట్స్ ఉన్నదని డనిగన్ బృందం ప్రకటించింది. మబ్బు దేశంలో అట్లా జరగడం సహజమే అనుకొన్నారు.

ఆ నమ్మకం 2000లో సడలింది. ఢిల్లీలో గోస్వామి బృందం ఆరోగ్యవంతుల రక్తం పరీక్షించగా, వైద్యులలోను, నర్సులలోను, గర్భిణులలోను విటమిన్ డి బాగా తక్కువగా కనబడింది. ఆరుబయట తిరిగే సైనికులలో కొంత మెరుగు. 2007లో తిరుపతిలో హరినారాయణ్ బృందం మన తెలుగువారి లెక్క తేల్చింది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటె తక్కువ ఉన్నవారు పల్లె పురుషులలో నూటికి 44, పట్టణ పురుషులలో 62. స్త్రీలలో పల్లెన 70, పట్టణంలో 75. తిరుమల కొండ క్రింద ఎండకు కొరత లేదు గదా! మరి లోపం ఎక్కడ?

దీనిని విద్యార్థులు బడి ఆవరణలోనే తెలుసుకోవచ్చు. చర్మంలోని కొలెస్టరాల్ జాతి పదార్థాన్ని విటమిన్‌గా మార్చేవి 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలు మాత్రమే. సూర్యుడు దిగువన ఉన్నప్పుడు ఇవి వాతావరణంలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించి, ఓజోను పొరలోనే దాదాపు హరించిపోతాయి. నీడ మన ఎత్తు కంటె పొట్టిగా ఉన్నప్పుడే ఇవి చాలినంతగా నేలకు చేరుతాయని ఒక మోటు లెక్క. డిసెంబరు 22 మధ్యాహ్నం హైదరాబాదులో మీటరు కర్రను నిలబెడితే నీడ సుమారు 86 సెంటీమీటర్లు. లండనులో అదే కర్ర నీడ 370 సెంటీమీటర్లు. అనగా మనకు చలికాలంలో కూడా ఆ ఎండ దొరుకుతుంది; కాని పదకొండు నుంచి ఒంటిగంటన్నర వరకే. మే నెలలోనైతే ఉదయం తొమ్మిది దాటగానే నీడ పొట్టిదవుతుంది గనుక, వడదెబ్బకు ఎదురుపోయి మిట్టమధ్యాహ్నం నిలబడనక్కరలేదు. తిరుపతిలో అసలు పదార్థాన్నే గాజు గొట్టాలలో ఎండబెట్టి చూసినప్పుడు కూడా పదకొండు, రెండు గంటల మధ్యనే మార్పు అధికంగా జరిగింది. మన పెద్దలు మెచ్చుకొనే నీరెండ హాయిగా ఉంటుంది, నడకకు మంచిది. విటమిన్ మాత్రం అందులో స్వల్పం. కిటికీ అద్దం ఈ కిరణాలను పూర్తిగా ఆపుతుంది. మన చర్మంలోని నల్లని వర్ణకం కూడా కొంత భాగాన్ని మ్రింగివేస్తుంది గనుక, తెల్లవారికంటె మనకు ఎక్కువ సేపు పడుతుంది.

ఇప్పుడు అమీరుపేట దినచర్య చూడండి. మా అన్నయ్యగారి మనుమడు ఖమ్మం నుంచి వచ్చి, మైత్రీవనం దగ్గర కంప్యూటరు కోర్సులో చేరాడు. తెల్లవారకముందే ఒక క్లాసు, పగలంతా చల్లని గదిలో దీపాల క్రింద కంప్యూటరు ముందు, సాయంత్రం మరొక క్లాసు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, “చిన్నతాతయ్యా, మా హాస్టలు గదికి కిటికీ ఉంది గాని, తెరిస్తే ప్రక్క మేడ గోడ తగులుతుంది” అన్నాడు. ఆ మేడ మీద మధ్యాహ్నం పూట ఎండలో ఉండేవి ఉతికిన బట్టలు మాత్రమే. నాసిక్‌లో ఘోషా చేసిన పని ఇక్కడ సిమెంటు గోడ, గడియారం కలిసి చేస్తున్నాయి.

ఇక నా పొట్లాల సంగతి. మన దేశపు పోషకాహార ప్రమాణాలు 2020లో పెద్దవారికి దినానికి 600 యూనిట్లు నిర్ణయించాయి. ఆ లెక్కన ఒక పొట్లం 100 దినాలకు, ఎనిమిది పొట్లాలు 800 దినాలకు సరిపోవాలి. కాని దేహం బ్యాంకు కాదు. కాలేయం విటమిన్ డిని 25-హైడ్రాక్సీ రూపానికి మార్చి రక్తంలో ఉంచుతుంది. రక్తపరీక్షలో కొలిచేది దీనినే. రెండు మూడు వారాలలో అది సగమవుతుంది. క్రొవ్వులో దాగిన నిలువ కొంతకాలం ఆదుకొన్నా, అధికమైనదాన్ని దేహం విరగగొట్టి పారవేస్తుంది. ఢిల్లీలో గోస్వామి బృందమే నావంటి ఆరోగ్యవంతులకు ఇదే మోతాదు ఎనిమిది వారాలు ఇచ్చి, 2008లో ఫలితం ప్రకటించింది. రెండు నెలలకు లోపం తీరింది; ఏడాదికి అందరూ మళ్లీ లోపంలో పడ్డారు. అది చదివిన రోజున, దోషం నాది ఒక్కడిదే కాదని కొంత ఊరట కలిగింది.

మరొక కారణం మన కంచంలో ఉన్నది. కాల్షియం చాలకపోతే పారాథైరాయిడ్ గ్రంథి విజృంభించి, మూత్రపిండాల చేత విటమిన్ డిని చురుకైన రూపానికి మరింతగా మార్పిస్తుంది; ఆ రూపం పెరిగినకొద్దీ రక్తంలోని నిలువ త్వరగా తరిగిపోతుందని 1987లో ఎలుకలపై చేసిన ప్రయోగాలు చూపాయి. తిరుపతి పల్లెలలో కాల్షియం బహుస్వల్పంగాను, దానిని పేగులలో బంధించే ఫైటేటు అధికంగాను కనబడింది. పొలంలో ఎండన పడేవారికి కూడా లోపం ఎందుకు వచ్చిందో దీనివల్ల కొంత అర్థమవుతుంది. పెద్దవారికి దినానికి 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నూరు గ్రాముల రాగులలో, అనగా మన తైదలలో, సుమారు 350 మిల్లీగ్రాములు ఉన్నది. మొలకెత్తించినా, పులియబెట్టి అంబలి కాచినా ఫైటేటు తగ్గుతుంది. మజ్జిగ, నువ్వులు చెప్పనే అక్కరలేదు.

కాగితం మీది అంకెకు భయపడి పొట్లాలు గుప్పించుకోవడం మరొక ప్రమాదం. వారానికి ఒకటి అన్నదాన్ని రోజుకు ఒకటిగా మ్రింగినవారికి రక్తంలో కాల్షియం మితిమీరి, వాంతులు, అతిదాహం పట్టుకొని, మూత్రపిండాలు చెడవచ్చు. ఎండకు మాత్రం ఈ దోషం లేదు. చర్మంలో తయారైనది అధికమైతే ఆ కిరణాలే దానిని నిరుపయోగమైన పదార్థాలుగా మార్చివేస్తాయి. హద్దు విషయంలో శాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం లేదు. 2011లో ఒక అమెరికా సంస్థ 20 నానోగ్రాములు చాలునన్నది. ఎండోక్రైన్ సొసైటీ 30 కావాలన్నది. 2024లో ఆ సొసైటీయే 30 అన్న మాటను విడిచి, ఆరోగ్యవంతులకు ఊరకే ఈ పరీక్షలు చేయించవద్దని చెప్పింది. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, ఎముకల నొప్పి ఉన్నవారికి సంగతి వేరు. వారు వైద్యుని మాట ప్రకారం నడవాలి.

నా విషయంలో డాక్టరుగారు ఇప్పుడు నెలకు ఒక పొట్లం చొప్పున ఆపకుండా పుచ్చుకొమ్మన్నారు. పాలు కూడా, విటమిన్ ఏ, డి కలిపినట్లు ప్యాకెట్టు మీద గుర్తు ఉన్నవి చూసి కొంటున్నాము. ఈ గుర్తుకు 2018లో దేశవ్యాప్తంగా నిబంధనలు ఏర్పడ్డాయి. బజారు పనికి సాయంత్రం బదులు పదకొండు దాటాక, పొట్టిచేతుల చొక్కాతో పోతున్నాను. మనుమడు మధ్యాహ్న భోజనం డబ్బా పుచ్చుకొని హాస్టలు మేడ ఎక్కుతున్నాడు. ఇక బడులలో వ్యాయామం పీరియడు తరచు మొదటి గంటలోనో, చివరి గంటలోనో పడుతుంది. ఈ డిసెంబరులో ఏ ఉపాధ్యాయుడైనా ఆవరణలో మీటరు కర్ర పాతి, ఆ రెండు గంటలలోను, పన్నెండు గంటలకూ నీడను కొలిపించి, ఆ అంకెలను టైంటేబిలు ప్రక్కన అంటించి చూడవచ్చు.