కాటిసీను పద్యం ఎవరిది?

"ఏందిరా, పొద్దన్నే మొదలుపెట్టినావా బాపనోళ్ళ గోల!"

సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా మా పాళెంలో నాకు దొరికే పలకరింపు ఇది. నేను చేసే నేరం పెద్దదేం కాదు. పళ్ళు తోముకుంటా ఒక పద్యం ఎత్తుకుంటాను. రాత్రిపూట ఫోనులో కచేరీ పెట్టుకుని మంచం మీద పడుకుని వింటాను. అంతే. ఆ అంతకే నేను 'పెద్దోణ్ణి' అయిపోయాను, 'పంతులయ్య' అయిపోయాను, 'మనతో కలవడులే' అయిపోయాను.

మాది ఆత్మకూరుకూ ఉదయగిరికీ మధ్యన ఒక మెట్ట ఊరు. వాన పడితే పైరు, లేకుంటే వలస. ఊరు వేరు, మా మాదిగపాళెం వేరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. సంక్షేమ హాస్టల్ అన్నం తిని, పండిట్ ట్రైనింగ్ చేసి, 2018 డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకుని ఇప్పుడు ఉదయగిరి వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్తున్నాను.

పాళెంలోనే అంటే సరిపెట్టుకునేవాణ్ణి. స్కూల్లోనూ అదే గోల, రంగు మారి వస్తుంది. ఒకరోజు క్లాసులో పద్యం రాగం తీసి చెప్తుంటే వరండాలో నిలబడి విన్న సహోద్యోగి ఒకాయన తర్వాత స్టాఫ్‌రూములో అన్నాడు: "భలే పాడతారు మాస్టారూ! మీవాళ్ళకు డప్పు పాటలు బాగా వస్తాయి గదా, అవి ఎత్తుకుంటే ఇంకా బాగుంటుంది." మెచ్చుకున్నాడో, నా చోటు నాకు చూపించాడో ఆయనకే తెలియాలి. డప్పు మాకు సిగ్గు కాదు. అది మా నాయన చెయ్యి. కాని డప్పు దగ్గరే ఆగు అని చెప్పడానికి ఈయనెవరు?

ఇక మూడోది మా సంఘం మిత్రుడి మాట. ఆత్మకూరు బస్టాండు పక్కన టీ తాగుతా అన్నాడు: "జాషువాను గౌరవిస్తాం. కాని ఛందస్సు వాళ్ళ సంకెల. కారంచేడు 1985, చుండూరు 1991. అంత నెత్తురు పారినాక మన కవులు వచనంలో నిప్పులు కురిపించారు. నువ్వేమో మళ్ళీ యతులు, ప్రాసలు అంటావు. ఇది బాపన జబ్బు, తమ్ముడూ." 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' పుస్తకం నాకు మొదట చేతికిచ్చింది ఆయనే. ఆ పుస్తకం నాకూ ప్రాణమే. అందుకే ఆ మాట నాకు ఎక్కువ నొప్పి పెట్టింది.

ఊరోళ్ళకు నేను హద్దు దాటినవాణ్ణి. మావాళ్ళకు ఇల్లు విడిచినవాణ్ణి. ఈ జబ్బు నాకు ఎవరు అంటించారో చెప్తాను.

మా నాయన అంటించాడు.

మా నాయనకు అక్షరం ముక్క రాదు. ఊళ్ళో ఎవరు చచ్చినా డప్పు కొట్టేది ఆయనే, కాష్ఠం పేర్చేది ఆయనే, గొయ్యి తవ్వేది ఆయనే. ఆయనకు ఒకే ఒక పిచ్చి, హరిశ్చంద్ర నాటకం. చుట్టుపక్కల ఏ తిరనాళ్ళలో నాటకం వేసినా నడిచిపోయేవాడంట. మావాళ్ళకు స్టేజీ ముందర చోటు లేదు. పక్కన దిబ్బ మీద కూర్చోవాల. అక్కడి నుంచి మనిషి సగమే కనపడతాడు, పద్యం మాత్రం పూర్తిగా వినపడుతుంది. అట్టా విని విని కాటిసీను పద్యాలన్నీ నోటికి పట్టేశాడు. గొయ్యి తవ్వేటప్పుడు సన్నగా పాడుకునేవాడు. తెలిసీ తెలియని వయసులో గడ్డపార పట్టుకుని పక్కన నిలబడి నేను విన్న మొదటి సంగీతం అది.

ఆయన్ను కూడా అన్నారు. ఊరోళ్ళు "ఏరా, హరిశ్చంద్రుడా!" అని ఎగతాళి చేశారు. మా పాళెమోళ్ళు "వీడికి రాజుల ఏషాలు గావాల" అన్నారు. నాయన నవ్వేవాడు. ఒకసారి మాత్రం నాతో అన్నాడు: "స్టేజీ మీద రాజు కాటికాపరి అయితే జనమంతా ఏడుస్తారు నాయనా. తెల్లారి నేను ఎదురొస్తే పక్కకు తప్పుకుంటారు."

బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకంలో హరిశ్చంద్రుడు వీరబాహుడికి అమ్ముడుపోతాడు. వీరబాహుడు చండాలుడు, కాటికి యజమాని. తెలుగు జనం అంత ఇష్టంగా ఏడ్చిన నాటకం నడిమధ్యలో మా పనే ఉంది. అయినా దిబ్బ మీద కూర్చున్నది మేమే.

పండిట్ ట్రైనింగ్‌లో ఉండగా ఒకరోజు లైబ్రరీలో జాషువా ఖండకావ్యం తిరగేస్తున్నాను. శ్మశానవాటి మీద రాసిన పద్యాలు కనపడ్డాయి. మొదటి పాదం చదవంగానే ఒళ్ళు జల్లుమంది. ఇది మా నాయన పాట గదా! బలిజేపల్లి పద్యమే అనుకుంటున్నాం గదా ఇన్నాళ్ళూ! అప్పుడు తెలిసింది. నాటకాల నటులు జాషువా పద్యాలను తెచ్చి కాటిసీనులో కలుపుకున్నారు. డి.వి. సుబ్బారావు లాంటి హరిశ్చంద్రుల గొంతుల్లో, క్యాసెట్లలో, తిరనాళ్ళ మైకుల్లో అవి ఊరూరా తిరిగాయి. ఒన్స్‌మోర్లు కొట్టిన చేతుల్లో ఎన్ని చేతులకు తెలుసు, ఆ పద్యం మాదిగ తల్లి కడుపున పుట్టినవాడిదని?

గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఆయన చేసిన పనుల్లో మూకీ సినిమాలకు రాజమండ్రిలో కథ చెప్పడం ఒకటి, గుంటూరులో లూథరన్ ట్రైనింగు స్కూల్లో టీచరు పని ఒకటి. అంటే నాలాగా బడిపంతులు. పద్యం రాసినందుకు రెండు వైపులా దెబ్బలు తిన్నాడు. అంటరానివాడికి కవిత్వమేందని అగ్రవర్ణాల వాళ్ళు దూరం పెట్టారు. హిందువుల పురాణాల వెంట పడ్డాడని క్రైస్తవులు వెలి వేశారు. నాకు టీ కొట్టు దగ్గర, స్టాఫ్‌రూములో తగిలిన దెబ్బలు ఆయనకు తగిలిన వాటి ముందు చీమ కుట్టినట్టే.

అయినా ఆయన పద్యం విడిచాడా? 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో సందేశం పంపితే, జాషువా అరుంధతీ సుతుడు గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి కబురు పంపాడు. ఎందుకు గబ్బిలం? మనిషిని రానీయని గుడిలోకి గబ్బిలం పోగలదు గనక. ఇంత పదునైన వ్యంగ్యం కాళిదాసు దారి తెలియనివాడు రాయగలడా? సంకెల అన్నారే, ఆ సంకెలనే కరగబోసి కత్తి చేసుకున్నాడు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి అంతటివాడు ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971లో గుంటూరులో చనిపోయాడు.

జాషువా ఒక్కడే అనుకోవద్దు. మా ఉదయగిరి దుర్గం చూడండి. 1514లో కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి గజపతుల నుంచి దాన్ని గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి ఎత్తుకుపోయి గుడి కట్టించాడు. ఇదంతా మేం సోషల్‌లో పిల్లలకు చెప్తాం. అదే రాయలు 'ఆముక్తమాల్యద'లో మాలదాసరి కథ రాశాడు. చండాలుడైన ఆ దాసరి రోజూ తెల్లవారకముందే కురుంగుడి గుడికి పోయి, బయటే నిలబడి, మంగళకైశికి రాగంలో పాడి వస్తాడు. ఒకరోజు దారిలో బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. చివరకు ఆ రాక్షసుడే కాళ్ళు పట్టుకుని, నీ పాట ఫలం కొంచెం ధారపోస్తే నా పాపం పోతుందని బతిమాలుతాడు. ఆ రాక్షసుడు ముందు జన్మలో ఎవరనుకుంటున్నారు? బ్రాహ్మడు! అయిదువందల ఏళ్ళ కింద ఒక రాజుకే తెలుసు, రాగం ఎవరి గొంతులో ఉందో. అయితే ఆ కథలో కూడా దాసరి గుడి బయటే నిలబడ్డాడు. అదీ మరిచిపోకూడదు.

మా అవ్వ సంగతి ఇంకొకటి. మా ప్రాంతానికి అమెరికన్ బాప్టిస్టు మిషన్ వచ్చింది. ఆత్మకూరులోనూ ఉదయగిరిలోనూ వాళ్ళ కేంద్రాలుండేవి. అవ్వ ఆదివారం ఆదివారం ప్రార్థనకు పోయేది. చదువు రాదు గాని 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సగం పుస్తకం నోటికొచ్చు. పెద్దయినాక ఆ పుస్తకం తెరిచి చూశాను. కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్ళు శాస్త్రీయ రాగాల్లోనే కట్టారు. మా అవ్వ కలుపు తీస్తా పాడుకున్నది సభల్లో పట్టుచీరలు కట్టుకుని వినే రాగాలే. పేరు తెలియదు, అంతే. పేరు తెలియకుండా పాడితే అమాయకత్వమంట, పేరు తెలుసుకుని పాడితే డాబంట!

కచేరీలో మోగే మృదంగం ఎవరి చేతిది? ఆవుతోలు, మేకతోలు, ఎనుముతోలు కోసి, గీకి, బిగించిన చేతులు మావే. టి.ఎం. కృష్ణ అనే గాయకుడు మృదంగం చేసే దళిత కుటుంబాల మీద 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాస్తే, దాని ఆవిష్కరణకు ముందు ఒప్పుకున్న కళాక్షేత్ర తర్వాత అనుమతి వెనక్కి తీసుకుంది. తోలు మనది కావచ్చు, వినడం మాత్రం మనది కాకూడదు!

అంబేడ్కర్‌ను బడిలో సంస్కృతం చదవనీయలేదు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. ఆయన తర్వాత సంస్కృతం సొంతంగా నేర్చుకున్నాడు. పుస్తకాల కోసమే దాదర్‌లో రాజగృహ కట్టుకున్నాడు. వయొలిన్ కూడా నేర్చుకున్నాడు. ఆయన సూటు చూసి దొరతనం అన్నవాళ్ళున్నారు. పాళేల్లో ఆయన విగ్రహానికి ఆ సూటే ఎందుకు నీలంరంగు వేసి నిలబెట్టుకున్నామో మనకు తెలుసు.

ఇట్టా అందరికీ జవాబులు చెప్పుకుంటా నేను గెలిచాననుకున్నాను. మా అన్న దగ్గర ఓడిపోయాను.

2022లో నాయన చనిపోయాడు. పీనుగు లేచేముందు పాళెం డప్పులన్నీ మోగుతున్నాయి. నేను పోయి, "కాసేపు ఆపండి, నాయనకు ఇష్టమైన పద్యం పాడతాను" అన్నాను. మా అన్న ఇంతెత్తున లేచాడు.

"ఆపేదేంది? బతుకంతా ఊరోళ్ళ పీనుగలకు కొట్టినాడు. ఆయన పీనుగకు కొట్టొద్దంటావా? నాయన చచ్చినా నీ పాండిత్యమే చూపించుకోవాల్నా?"

అంతటితో ఆగలేదు. "నీకు పద్యం అబ్బిందంటే ఊరికే అబ్బలేదు. ఏడో తరగతిలో నేను బడి మాని మద్రాసులో రాళ్ళు మోసినా. నువ్వు కూర్చొని చదువుకున్న ఆ తీరిక నేను కొనిచ్చింది."

నా నోట మాట రాలేదు. డప్పులు ఆగలేదు. నాయన డప్పుల మీదే పోయాడు. అదే న్యాయం.

పెద్దకర్మ రోజు రాత్రి అందరూ పోయాక అన్న, నేను అరుగు మీద కూర్చున్నాం. అన్నే అడిగాడు, "ఏం పద్యంరా అది, నువ్వు పాడాలనుకునింది?" నెమ్మదిగా పాడాను. అయిపోయాక, "ఇది రాసింది మనోడే అన్నా" అని జాషువా సంగతి చెప్పాను.

"నాయనకు తెలుసునా?"

"చెప్పినా. ట్రైనింగు నుంచి వచ్చినప్పుడు. నిద్రపోకుండా ఆ రాత్రంతా పాడినాడు."

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నాకు చెప్పలేదే?" అన్నాడు.

నిజమే. ఎందుకు చెప్పలేదు? అన్నకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. రాళ్ళు మోసేవాడికి పద్యమెందుకులే అనుకున్నాను. స్టాఫ్‌రూములో ఆ సహోద్యోగి నా గురించి అనుకున్నదే నేను మా అన్న గురించి అనుకున్నాను. పద్యం ఇష్టపడటం డాబు కాదు. ఇది నా, నీకు పనికిరాదు అనుకోవడం డాబు. పాళెమోళ్ళు నన్నన్న మాటలో ఆ ఒక్క ముక్క నిజం.

అన్న లేస్తా లేస్తా అన్నాడు: "ఆ నాటకమోళ్ళు ఒక్కసారన్నా మైకులో ఆయన పేరు చెప్పుంటే, నాయన దిబ్బ దిగి ముందుకొచ్చి కూర్చొనేటోడు గదరా."

ఇప్పుడు నేను క్లాసులో ఏ పద్యం ఎత్తుకున్నా ముందు రాసినవాడి పేరు, పుట్టిన ఊరు చెప్పి ఎత్తుకుంటాను. వెనక బెంచీ వాళ్ళను ముందుకు పిలుస్తాను. సెప్టెంబరు 28న మా పాళెంలో డప్పు కొట్టించి, ఆపకుండానే, ఆ దరువు మీదే కాటిసీను పద్యం పాడతాం. డప్పు మా అన్నది. గొంతు నాది. పద్యం మా నాయనది.