చివరి రోజుల మందులు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి దగ్గర ఉపశమన వైద్యం

నయం కాని జబ్బుతో ఇంటి దగ్గర ఉన్న మనిషికి నొప్పి, ఆయాసం, వాంతులు, కలవరం తగ్గించే మందులు అవసరమైన గంటకే అందాలి. ఉపశమన వైద్యంలో ఇది ముఖ్యమైన భాగం. ఈ వైద్యాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ అవసరం మూడు రకాలుగా కనిపిస్తుంది: ఉద్దానం కిడ్నీ జబ్బు, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి కోసం విశాఖపట్నం వెళ్ళవలసి రావడం, కొండ గూడేలకు సరైన దారి లేకపోవడం. వాడే మందుల్లో చాలావరకు చవకైనవే. అవి మంచం దగ్గరకు చేరాలంటే దాటవలసినవి చట్టం, దూరం, వేళ.

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 2011 జనాభా లెక్కల నాటికి మొదటి దానిలో సుమారు 27 లక్షల మంది, రెండో దానిలో సుమారు 23 లక్షల మంది ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న ఈ రెండు జిల్లాల నుంచి విడదీసిన సీతంపేట, పాలకొండ, పార్వతీపురం ప్రాంతాలతో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, నెల్లిమర్ల మహారాజా వైద్య కళాశాల, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఈ ప్రాంతంలోని పెద్ద వైద్య కేంద్రాలు. వాటిని మించిన చికిత్సకు జనం విశాఖలోని కేజీహెచ్‌కు, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళతారు. ఇచ్ఛాపురం వైపు వారికి విశాఖ కంటే ఒడిశాలోని బరంపురమే చాలా దగ్గర.

ప్రాణం సొంత ఇంట్లో, అయినవాళ్ళ మధ్య పోవాలన్నది ఇక్కడి పెద్దల కోరిక. ‘ఇక ఇంటికి తీసుకెళ్ళండి’ అని డాక్టర్లు చెప్పాక కుటుంబం రోగిని ఊరికి తెచ్చుకుంటుంది. డిశ్చార్జి చీటీతో పాటు నొప్పి మందు రాకపోతే ఆ తర్వాతి భారమంతా ఇంటివాళ్ళ మీద, ఊళ్ళోని ఆర్ఎంపీ మీద పడుతుంది. ఆర్ఎంపీకి మార్ఫిన్ ఇచ్చే అధికారం లేదు. దీనికి వలస తోడవుతుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కూలి పనుల్లో ఉంటే, మంచాన పడ్డ మనిషి దగ్గర ముసలి భార్యో భర్తో మిగులుతారు. చీటీ పట్టుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కేది కూడా వారే.

కావలసిన మందులు

చివరి రోజుల బాధలు చాలావరకు ముందే ఊహించగలిగినవి. అందుకే మందులనూ ముందే సిద్ధం చేసి పెట్టవచ్చు.

• తీవ్రమైన నొప్పికి మార్ఫిన్. మామూలు మాత్ర పనితనం సుమారు 4 గంటలు. అందుకే నొప్పి వచ్చాక వేసుకునే మందుగా కాకుండా, గడియారం చూసి వేళకు ఇస్తారు. నోటి ద్వారా, వేళ తప్పకుండా ఇవ్వాలన్న ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పి మార్గదర్శకాల్లో చెప్పింది.
• ఆయాసానికి, ఎగశ్వాసకు తక్కువ మోతాదు మార్ఫిన్. ముఖానికి గాలి తగిలేలా ఫ్యాను పెట్టడం కూడా మేలు చేస్తుంది.
• వాంతులకు మెటోక్లోప్రమైడ్ లేదా హాలోపెరిడాల్.
• కలవరానికి, తల్లడిల్లడానికి హాలోపెరిడాల్ లేదా మిడజోలం.
• గొంతులో గురగురకు హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్.
• మార్ఫిన్ వాడేవారికి మలబద్ధకం తప్పదు కాబట్టి దానితో పాటే విరేచనం మందు.

మింగడం ఆగిపోయిన రోజున మాత్రలు పనికిరావు. అప్పుడు చర్మం కింద సన్నని సూది పెట్టి మందు ఎక్కిస్తారు. ఆ పని తెలిసిన నర్సు అందుబాటులో లేకపోతే ఇంట్లో మందు ఉన్నా రోగికి అందనట్లే. ఏ మందైనా మోతాదు డాక్టరే నిర్ణయించాలి.

చట్టం

మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సుతో గసగసాల మొక్క పండిస్తారు. ప్రభుత్వ కర్మాగారాలు ఘాజీపూర్‌లో, నీమచ్‌లో ఉన్నాయి. ఇలా ముడిసరుకు పండే దేశంలోనే మందు కరువైంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దుర్వినియోగాన్ని ఆపే ప్రయత్నంలో వైద్య అవసరాన్నీ కట్టిపడేసింది. ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే వేర్వేరు శాఖల నుంచి పలు లైసెన్సులు కావలసి వచ్చేవి, అవన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలి. శిక్షల భయం దీనికి తోడైంది. 1997 నాటికి దేశంలో మార్ఫిన్ వైద్య వినియోగం 90 శాతానికి పైగా పడిపోయింది.

2014 సవరణ ఈ ముడిని విప్పింది. అత్యావశ్యక మాదక ఔషధాలు అనే కొత్త వర్గం వచ్చింది. 2015లో మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులకు దేశమంతటా ఒకే నియమాలు అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే ఒక్క గుర్తింపు చాలు. శిక్షణ పొందిన డాక్టరు, నిల్వ లెక్కలు, ఏడాదికి కావలసిన పరిమాణంపై అంచనా ఉన్న ఆసుపత్రి ఆ గుర్తింపు కోరవచ్చు. చీటీ మీద ఇచ్చిన మందును రోగి ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు.

చట్టం మారినా భయం పూర్తిగా పోలేదు. మామూలు మందుల షాపుల్లో మార్ఫిన్ దొరకడం అరుదు. 2018లో ట్రమడాల్ కూడా ఇదే చట్టం కిందకు రావడంతో షాపులవాళ్ళు మరింత జాగ్రత్తపడ్డారు. మార్ఫిన్ ఇస్తే అలవాటవుతుందని, ప్రాణం త్వరగా పోతుందని కుటుంబాలు జంకుతాయి. నొప్పికి తగిన మోతాదులో, డాక్టరు పర్యవేక్షణలో వాడిన మార్ఫిన్ చావును తొందరపెట్టదు.

ఉద్దానం ప్రత్యేకత

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల కొబ్బరి, జీడి తోటల ప్రాంతమే ఉద్దానం. ఇక్కడి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. 2019లో ప్రచురితమైన ఒక సర్వేలో పరీక్షించిన పెద్దల్లో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్లు కనిపించింది. ప్రభుత్వం డయాలసిస్ కేంద్రాలు పెట్టింది, రోగులకు పింఛను ఇస్తోంది. హిరమండలం నుంచి వంశధార నీటిని ఊళ్ళకు అందించే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

డయాలసిస్ అందనివారికి, మానేసినవారికి, దాన్ని ఇక శరీరం తట్టుకోలేనివారికి మిగిలేది ఉపశమనమే. ఇక్కడ మందుల ఎంపిక క్యాన్సర్ రోగుల విషయంలో ఉన్నట్లు ఉండదు. శరీరంలో మార్ఫిన్ మారి ఏర్పడే పదార్థాలను కిడ్నీలే బయటకు పంపాలి. అవి పనిచేయకపోతే ఆ పదార్థాలు పేరుకుని మత్తు, కండరాల అదుర్లు, కలవరం వస్తాయి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు మిగిలిన కిడ్నీ శక్తినీ దెబ్బతీస్తాయి. అందుకే ఇలాంటి రోగులకు ఫెంటానిల్ మేలైనది. చర్మం మీద అంటించే ఫెంటానిల్ పట్టీ సుమారు 72 గంటలు పనిచేస్తుంది. అయితే మొదటి పట్టీ పూర్తి ప్రభావం చూపడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. నొప్పి భరించలేనిదయ్యాక పట్టీ వెతకడం మొదలుపెడితే ఆ రాత్రికి అది అక్కరకు రాదు. ఉద్దానానికి మార్ఫిన్ లభ్యత ఒక్కటే సరిపోదు. కిడ్నీ రోగికి సరిపడే మందులు, వాటిని రాయగల డాక్టర్లు కావాలి.

దూరం, వేళ

ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం 200 కిలోమీటర్లకు పైగా దూరం. మన్యం జిల్లాలో కొన్ని గూడేల నుంచి రోగిని ఇప్పటికీ డోలీలో మోసుకు రావలసి వస్తోంది. అలాంటి చోట మనిషిని కిందికి దించడం కంటే మందును పైకి పంపడం మానవత్వం.

పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు గ్రామానికి వచ్చి, మంచాన పడ్డవారిని ఇంటికి వెళ్ళి చూడాలని 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం నిర్దేశించింది. ఇది మంచి పునాది. కానీ చివరి దశలో అవసరం గంటల్లో మారుతుంది. డాక్టరు వచ్చే రోజుల మధ్య ఊళ్ళో ఉండేది ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, విలేజ్ క్లినిక్ నర్సు. ఫోన్‌లో డాక్టరు సలహా తీసుకుని ఇంట్లో ఉన్న మందును ఎలా ఇవ్వాలో వారికి నేర్పితేనే రెండు సందర్శనల మధ్య ఖాళీ పూడుతుంది.

ఇతర ప్రాంతాల అనుభవం

కేరళలోని కాలికట్‌లో 1993లో ఏర్పడిన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ ఊరివాళ్ళనే స్వచ్ఛంద కార్యకర్తలుగా తీర్చిదిద్దింది. 2008లో ఆ రాష్ట్రం పాలియేటివ్ కేర్ విధానాన్ని ప్రకటించింది. తెలంగాణలో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అనుభవం నుంచి జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పుట్టాయి. ‘ఆలన’ వాహనాల్లో నర్సులు మందులతో ఇళ్ళకు వెళతారు. బ్రిటన్‌లో చివరి దశ రోగి ఇంట్లో నాలుగైదు రకాల ఇంజెక్షన్లు, డాక్టరు రాతపూర్వక ఆదేశం కలిపి ఒక పెట్టెలో ముందే పెడతారు. రాత్రి నర్సు వస్తే వెతుక్కునే పని ఉండదు. భారత ప్రభుత్వ జాతీయ పాలియేటివ్ కేర్ కార్యక్రమం 2012లో రూపొందింది. ఉపశమన వైద్యాన్ని మామూలు ఆరోగ్య సేవల్లో భాగం చేయాలని 2014లో ప్రపంచ ఆరోగ్య మహాసభ దేశాలను కోరింది.

ముందుచూపు

ఈ జిల్లాలకు కావలసినవి అందని వస్తువులు కావు: పలాస, టెక్కలి, రాజాం వంటి చోట్ల మాదక ఔషధాల గుర్తింపు, నిల్వ ఉన్న ఆసుపత్రులు, డిశ్చార్జి రోజునే కొద్ది వారాల మందు, రాత్రి పలికే ఒక ఫోన్ నంబరు.

రోగిని ఇంటికి తెచ్చుకునే రోజున కుటుంబం డాక్టరును నాలుగు సంగతులు అడగాలి. నొప్పి పెరిగితే ఏ మందు, ఎంత? మింగలేకపోతే ఏం చేయాలి? మందు అయిపోకముందే ఎక్కడ తెచ్చుకోవాలి? రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? చీటీ మీద ఈ జవాబులు రాయించుకోవాలి. మార్ఫిన్‌ను పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. మనిషి పోయాక మిగిలిన మాత్రలను ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించాలి. నయం చేయలేనన్న చోట వైద్యుని బాధ్యత ముగియదు. నొప్పి లేకుండా సాగనంపడం కూడా వైద్యమే.