మోకాలు మోగితే 'గుజ్జు' అరిగినట్లేనా?

పీట మీది నుంచి లేచేటప్పుడు మోకాలిలో టక్కుమని శబ్దం వినిపించగానే 'గుజ్జు అరిగిపోయింది' అని నిర్ధారించుకోవడం పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ పరిపాటి. ఆ భయంతో నడక మానుకునేవారు కొందరు. వాచిన మోకాలికి సైతం నొప్పి మాత్రలతో సరిపెట్టుకుని నెలలు గడిపేవారు మరికొందరు. నొప్పి, వాపు లేకుండా శబ్దం ఒక్కటే ఉంటే సాధారణంగా దిగులు పడనవసరం లేదు.

ఎముకల చివర్లను కప్పి ఉండే నునుపైన మృదులాస్థినే జనం గుజ్జుగా వ్యవహరిస్తారు. కీలులో కందెనలా పనిచేసే ద్రవం వేరు. ఆ ద్రవంలో వాయువులు కరిగి ఉంటాయి. కీలు ఒక్కసారిగా సాగితే లోపలి పీడనం తగ్గి బుడగ ఏర్పడుతుంది. మెటికలు విరిచినప్పుడు వచ్చే మోత ఇటువంటిదే. ఒకసారి విరిచిన మెటిక మళ్లీ మోగాలంటే సుమారు 20 నిమిషాలు ఆగవలసి రావడం అందుకే. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఎంఆర్ఐ సాయంతో ఈ ప్రక్రియను ప్రత్యక్షంగా చిత్రీకరించారు. శబ్దం బుడగ పుట్టినందుకా, చితికినందుకా అన్న వాదం మాత్రం తెగలేదు. కండరాన్ని ఎముకకు కలిపే తాడు వంటి బంధనం ఎముక అంచు మీదుగా జారినా టక్కుమంటుంది.

మెట్లు ఎక్కేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు వచ్చే గరగర వేరు. అప్పుడు మోకాలి చిప్ప తొడ ఎముకపై గట్టిగా ఒత్తుకుంటుంది. నొప్పి లేకుండా గరగరలాడే మోకాళ్లు ఆరోగ్యవంతుల్లోనూ ఎన్నో ఉంటాయి. అయితే దీన్ని పూర్తిగా కొట్టిపారేయడమూ సరికాదు. సుమారు 3,500 మందిపై అమెరికాలో జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనంలో, తరచూ శబ్దం వచ్చేవారికి తరువాతి కాలంలో కీళ్ల అరుగుదల బాధలు మొదలయ్యే అవకాశం హెచ్చని తేలింది. ఎక్స్‌రేలో అప్పటికే అరుగుదల ఉన్నవారిలో ఇది ప్రస్ఫుటం.

కబడ్డీ ఆటలోనో, బండి మీది నుంచి పడినప్పుడో 'టప్'మని మోగి, గంటల్లోనే మోకాలు ఉబ్బితే లిగమెంట్ తెగి ఉండవచ్చు. కాలు మధ్యలో బిగుసుకుపోయి చాచలేకపోతే లోపలి నెలవంక ఆకారపు మెత్తలు చిరిగి ఉండవచ్చు. నడుస్తుండగా మోకాలు చటుక్కున మడతపడడం, ఉదయపు బిగుతు, వారాల తరబడి వీడని నొప్పి కూడా ఎముకల వైద్యునికి చూపించవలసినవే. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం తోడైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పడితే మృదులాస్థి కొద్ది రోజుల్లోనే దెబ్బతింటుంది.

మామూలు ఎక్స్‌రేలో మృదులాస్థి కనిపించదు. ఎముకల మధ్య ఎడాన్ని బట్టి అరుగుదలను అంచనా వేస్తారు. కనుక నిలబెట్టి తీసిన చిత్రానికే విలువ ఎక్కువ.

శబ్దానికి ప్రత్యేకంగా మందు లేదు. తొడ ముందు కండరం బలపడితే చిప్ప కుదురుగా కదులుతుంది. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాచి, ఐదు సెకన్లు నిలిపి, మెల్లగా దించడం ఇంట్లోనే చేయదగిన వ్యాయామం. స్థూలకాయులు కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుంది. సలహా లేకుండా నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు జీర్ణాశయానికి, మూత్రపిండాలకు చేటు తెస్తాయి.