కుకీ యను జీడిగుర్తు

ఇటీవల మా కేంద్రమునకు వచ్చిన యుత్తరములలో ఒకటి విశ్రాంత ఉపాధ్యాయు లొకరు వ్రాసినది. పింఛను వివరముల కొరకు వారు మనుమరాలి సాయముతో ఒక ప్రభుత్వశాఖ వెబ్‌సైటును తెరచిరట. తెరచినదే తడవుగా తెర యడుగున నొక పట్టీ కనబడి, కుకీలకు సమ్మతింతురా యని యడిగినదట. కుకీ యనగా బిస్కత్తు వంటి తినుబండారమని మాత్రమే వారెరుగుదురు. సమ్మతింపనిచో పింఛను నిలిచిపోవునేమో యను భయముతో సమ్మతించి, ఆ రాత్రి నిద్రపట్టక, మరునాడు మాకు జాబు వ్రాసిరి. "నేను దేనిమీద సంతకము చేసినట్లు?" అని వారి ప్రశ్న. ప్రశ్న చిన్నదే గాని, సమాధానమునకు ముప్పదియేండ్ల చరిత్ర చెప్పవలసియున్నది. అందుచేత నీ ప్రసంగమును వారి జాబునకు ప్రత్యుత్తరముగానే సిద్ధపరచితిమి.

మా వృత్తిలో శ్రోత మాకు కనబడడు. మేము మాటాడుదుము, వినువారు విందురు, ఇష్టము లేనివారు మీట త్రిప్పుదురు. ఒకప్పుడు ఇంట రేడియో ఉంచుకొనుటకు తపాలా కార్యాలయములో రుసుము చెల్లించి లైసెన్సు పుచ్చుకొనవలసి యుండెడిది. దానిపై యజమాని పేరు, చిరునామా ఉండెడివి. కాని ఆ రాత్రి ఆ యింట హరికథ వినిరో, సిలోను పాటలు వినిరో, నడుమ విసిగి కట్టివేసిరో పోస్టుమాస్టరునకు గాని మాకు గాని తెలియుట కవకాశము లేదు. వెబ్‌సైటు సంగతి దీనికి తలక్రిందులు. అచ్చట ప్రవేశమునకు లైసెన్సు లేదు, గడప దాటుటకు పేరు చెప్పనక్కరలేదు. కాని వచ్చినవారు ఏ పుటలు తెరచిరి, మరల నెన్నడు వచ్చిరి యను సంగతి గుర్తించు సాధన మొకటి యున్నది. అదియే కుకీ.

మొదట నిట్లుండలేదు. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున 1989 మొదలు 1991 వరకు టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన వెబ్ మిక్కిలి మరపుగల వ్యవస్థ. గ్రంథాలయములో ఒక పుస్తకము తీసికొని, రెండవదాని కొరకు మరల బల్లయొద్దకు పోగా, అచ్చటి గుమాస్తా మనల నెన్నడును చూడనట్లు "తమరెవరు?" అని యడిగిన నెట్లుండును? ఆ వ్యవస్థ యట్టిదే. ప్రతి పుటయు నొక క్రొత్త పరిచయము. శాస్త్రజ్ఞులు వ్యాసములు చదువుకొనుట కంతకంటె నక్కరలేదు. వ్యాపారమున కది చాలదు. సంచిలో వేసిన వస్తువును రెండవ అడుగులోనే మరచిపోవు దుకాణమున నెవడు కొనును?

1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మోంటుల్లి యను యువ ఇంజనీరు ముందునకు ఈ చిక్కు వచ్చినది. ఎమ్.సి.ఐ. యను అమెరికా టెలిఫోను కంపెనీ వెబ్‌పై అంగడి తెరువదలచెను. కాని కొనుగోలుదారుడు సగము ఎంచుకొని వదలిన సరకుల పట్టికలను తన యంత్రములలో మోయుట కది యిష్టపడలేదు. అట్లయిన ఆ పట్టికను కొనువాని యంత్రములోనే దాచిన సరి యని మోంటుల్లి యూహ. ప్రోగ్రాములు వ్రాయువారిలో అప్పటికే వాడుకలో నున్న 'మేజిక్ కుకీ' యను పేరు నుండి దీనికి కుకీ యను పేరు వచ్చినది. ఆ సంవత్సరము అక్టోబరులో వెలువడిన నెట్‌స్కేప్ బ్రౌజరులోనే యిది చేరినది. దాని మొదటి యుపయోగము మాత్రము అంగడిలో జరుగలేదు. తమ వెబ్‌సైటునకు వచ్చినవారు పాతవారా క్రొత్తవారా యని నెట్‌స్కేపువారు తెలిసికొనుటకే జరిగినది.

మన పెద్దలకు చాకలిగుర్తు తెలియును. ఊరి బట్టలన్నియు ఒక్క రేవులో కలిసినను ఏ బట్ట ఏ యింటిదో తెలియుటకు రజకుడు అంచు మూలన నల్లజీడి రసముతో రెండు చుక్కలో మూడు గీతలో పెట్టెడివాడు. ఆ గుర్తులో ఇంటిపేరు లేదు. బట్ట కట్టుకొన్నవానికి దాని యర్థము తెలియదు. పెట్టినవాడు చూచినచో మాత్రము ఇల్లు తెలియును. కుకీయు నంతే. అది కొన్ని యక్షరములు, అంకెలు గల చిన్న చీటీ. వెబ్‌సైటు దానిని మన బ్రౌజరునకు ఇచ్చును. బ్రౌజరు దాచియుంచి, మరల ఆ వెబ్‌సైటునకే పోయినపుడు చూపును. అది తనంత తాను మన యంత్రములో తిరిగి కాగితములు దొంగిలింపజాలదు. కొన్ని కుకీలు బ్రౌజరు మూయగనే నశించును. కొన్ని నెలలు, ఏండ్లు నిలుచును.

ఇంతవరకు దోషము లేదు. చిక్కు వేరొకచోట నున్నది. మనము చూచు పుటలో ఒక మూల ప్రకటన యుండును. ఆ ప్రకటన ఆ వెబ్‌సైటువారిది గాక వేరొక కంపెనీ యంత్రము నుండి వచ్చును. వచ్చుచు తన గుర్తు నొకదానిని పెట్టిపోవును. ఆ కంపెనీ ప్రకటనలు వేయి వెబ్‌సైట్లలో నున్నచో, వేయి రేవులలో కూర్చుండి ఒకే జీడిగుర్తును చదువు మనుష్యు డొకడు వెలసినట్లే. ఉదయము మనము చదివిన వార్త, మధ్యాహ్నము వెదకిన మందు, రాత్రి చూచిన పెండ్లిసంబంధము, అన్నియు నొకే చోట కూడును. పేరు లేకున్న నేమి? ఇంతమాత్రము కూడిన పిమ్మట పేరు తెలిసికొనుట యెంతపని?

జనులకు ఈ సంగతి చాలదినములు తెలియనే లేదు. 1996 ఫిబ్రవరి 12న లండనులోని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక దీనిని గూర్చి వ్రాసిన పిమ్మటనే కలకలము పుట్టినది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో ఇంటర్నెట్ సాంకేతిక నియమములు కూర్చు సంఘము, ఇతర కంపెనీల గుర్తులను బ్రౌజరులు తమంత తామే యనుమతింపరాదని తన పత్రములో వ్రాసినది. బ్రౌజరులు చేయు కంపెనీలు ఆ మాటను పెడచెవిని పెట్టినవి. 1999లో డబుల్‌క్లిక్ అను ప్రకటనల కంపెనీ, ఇండ్ల చిరునామాలు, కొనుగోళ్లు నమోదుచేయు అబాకస్ అను సంస్థను కొని, పేరులేని గుర్తులను పేర్లతో జతపరుప నుద్యమించెను. ఆందోళన చెలరేగుటచే 2000 మార్చిలో వెనుకకు తగ్గెను.

దుకాణముల సంగతి యట్లుండనిండు. ఒక అంగడి నచ్చనిచో ఎదుటి అంగడికి పోవచ్చును. పింఛనునకు, జనన ధ్రువపత్రమునకు, భూమి పట్టాకు ఎదుటి అంగడి లేదు. అచ్చటికి పోవువాడు గత్యంతరము లేక పోవును; పోయి తన వయస్సు, వ్యాధి, అప్పు, కులము, ఆదాయము సర్వము చెప్పుకొనును. కావున ప్రభుత్వ వెబ్‌సైటులో కుకీ యెట్లున్న దనునది వేరుగా విచారింపదగిన ప్రశ్న యని మా తలంపు.

ఈ ప్రశ్న మొట్టమొదట గట్టిగా లేచినది అమెరికాలో. మాదకద్రవ్యముల నివారణ కొరకు అధ్యక్షభవనమున నొక కార్యాలయ మున్నది. దాని వెబ్‌సైట్లకు వచ్చినవారి కంప్యూటర్లలో ప్రకటనల కంపెనీ కుకీలు చేరుచున్నవని 2000 జూనులో వెల్లడియైనది. ఆలోచించి చూడుడు: ఇంటిలో ఎవరికిని చెప్పుకొనలేని సంగతి తెలిసికొనుటకై రహస్యముగా వచ్చిన కుఱ్ఱవాని బట్టపై గుర్తు పడినది, పెట్టినవాడు వ్యాపారి, ద్వారము తెరచినది ప్రభుత్వము. జూను 22న బడ్జెటు కార్యాలయమువారు అన్ని శాఖలకు ఉత్తరువు పంపిరి. ప్రభుత్వ వెబ్‌సైట్లలో కుకీలు ఉండవనుటయే సామాన్య నియమము. తప్పనిసరి యవసరమున్నచో స్పష్టముగా తెలియజేసి, తగు రక్షణలు చూపి, శాఖాధిపతి స్వయముగా అనుమతించినగాని పెట్టరాదు. ఇంత కఠినమగు నియమము మరల ఆ దేశమున రాలేదు.

నియమ మొకటి, నడత యొకటి. 2005 డిసెంబరులో, రహస్యములు కనిపెట్టుటయే వృత్తిగాగల జాతీయ భద్రతా ఏజన్సీ వెబ్‌సైటు సందర్శకులకు 2035 వరకు నిలుచు కుకీలు పెట్టుచున్నదని బయటపడినది. పత్రికవా రడుగగా, సాఫ్ట్‌వేరు మార్చినపుడు పొరపాటున జరిగినదని చెప్పి తొలగించిరి. ముప్పదియేండ్ల గుర్తు! ఆ గుర్తును మోయు కంప్యూటరు పదియేండ్లు నిలుచుట యరుదు. పొరపా టనుటను మేము నమ్ముచున్నాము. ఇట్టి విషయములలో కపటముకంటె అజాగ్రత్తయే యెక్కువ. 2010 జూనులో ఆ పాత నియమమును సడలించి, ఏ పుటలు జనులకు ఉపయోగపడుచున్నవో లెక్కించుటకు కుకీలు వాడవచ్చునని, వ్యక్తి వివరములు కలిసినచో మాత్రము కట్టుబాట్లు హెచ్చునని క్రొత్త యుత్తరువు చేసిరి. ఇందును న్యాయము లేకపోలేదు. పింఛను పుట ఎవరికిని అర్థముగాక నడుమనే మూసి పోవుచున్నారని తెలియనిచో, అధికారి దానిని బాగుచేయు టెట్లు?

మన ఉపాధ్యాయుని భయపెట్టిన పట్టీ మాత్రము పుట్టినది ఐరోపాలో. అచ్చటి 2002 నాటి శాసనము కుకీలను నిరాకరించు హక్కు నిచ్చినది. 2009లో సవరించి, ముందుగా సమ్మతి తీసికొననిదే పెట్టరాదనిరి. సేవకు అత్యవసరమగు కుకీలకు మాత్రము మినహాయింపు. ముందే టిక్కు పెట్టియుంచిన గడి సమ్మతి కానేరదని 2019 అక్టోబరు 1న వారి న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఉద్దేశము శ్లాఘ్యమే. ఆచరణలో 'సరే' యను మీట పెద్దది, 'వలదు' అను మీట ఎక్కడనో దాగినది. చదువకయే నొక్కుట జనుల కలవాటైనది.

శాసనము చేసినవారు సయితము జారిరి. ఐరోపా పార్లమెంటు తన వారికి కరోనా పరీక్షల కొరకు తెరచిన వెబ్‌సైటులో అమెరికా కంపెనీల కుకీలుండుట తప్పని 2022 జనవరిలో వారి సమాచార రక్షణాధికారి నిర్ణయించెను. ఐరోపా కమిషను వెబ్‌సైటులో ఒక సభకు నమోదైన జర్మను పౌరుడు, ఫేస్‌బుక్ ద్వారా ప్రవేశింపు మను మీట నొక్కినందున తన యంత్రపు చిరునామా అమెరికాకు పోయినదని వ్యాజ్యము వేసెను. 2025 జనవరి 8న న్యాయస్థానము కమిషను అతనికి 400 యూరోలు చెల్లింపవలెనని తీర్పిచ్చెను. మొత్తము స్వల్పము, కాని ప్రభుత్వము ఒక సామాన్యునికి ఈ విషయమున రొక్కమిచ్చుకొనుట గమనింపదగినది.

ఇక మన దేశము. కుకీ పుట్టుటకు ముప్పదిరెండేండ్ల ముందే దీని మూలసూత్రమును మన తెలుగువారొకరు చెప్పియున్నారు. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగు అనునతని పై నేరము రుజువు కాకున్నను పోలీసులు చరిత్రపత్రము తెరచి, అర్ధరాత్రులు తలుపు తట్టుచు, రాకపోకలు కనిపెట్టుచుండిరి. 1962లో సుప్రీంకోర్టు, రాత్రులు ఇంటికి వచ్చుట తప్పని కొట్టివేసినను, ఏకాంతత మన రాజ్యాంగమున హామీయైన హక్కు కాదని చెప్పినది. రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు దానితో నేకీభవింపలేదు. వెనుక నొకడు కనిపెట్టుచుండగా నడచు నడక స్వేచ్ఛానడక కాదని, శరీరమునకు సంకెల లేకున్నను మనస్సునకు సంకెల పడునని వారి వాదము. న్యాయమూర్తి షా వారితో నేకీభవించిరి, ఇద్దరు మాత్రమే. ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్ట సవరణ బ్యాంకులలోని ఖాతాదారుల పత్రములను తనిఖీ చేయు విశేషాధికార మిచ్చినపుడు 2004లో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చుచు, బ్యాంకు చేతిలో పెట్టినంతమాత్రమున పత్రముల గోప్యత పోదన్నది. తుదకు 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పి, సుబ్బారావుగారి యల్పసంఖ్యాక అభిప్రాయమే సరియైనదనిరి. వారు దివంగతులై అప్పటికి నలుబదియేండ్లు దాటినవి.

ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లోనే మార్గదర్శక సూత్రములు వెలువడినవి. ప్రతి వెబ్‌సైటు తాను సందర్శకుల నుండి యేమి గ్రహించునో చెప్పవలెను. చాలచోట్ల ఆ ప్రకటన ఒకేయచ్చులో పోసినట్లుండి, పుట యడుగున నెవ్వరి కంటను పడక యుండును. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో నియమములు ప్రకటించి, ముఖ్యమగు విధులకు 18 నెలల గడువిచ్చిరి. ఆ చట్టములో కుకీ యను మాట లేదు. అయినను కుకీ ద్వారా మనిషి గుర్తు తెలియునపుడు అది దాని పరిధిలోనికి వచ్చును. సమ్మతి కోరు నోటీసును ఆంగ్లమున గాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందైన గాని చదువుకొను వీలు కల్పింపవలెను. కనుక తెలుగున నడుగుట మనకు హక్కు. దీనికి ప్రక్కనే మరియొక సంగతియు నున్నది: సబ్సిడీలు, ధ్రువపత్రములు, లైసెన్సులు ఇచ్చు సందర్భమున ప్రభుత్వము కొన్ని షరతులకు లోబడి, వేరుగా సమ్మతి కోరకయే సమాచారము వాడుకొనవచ్చును, దేశభద్రతాదుల పేర కొన్ని సంస్థలను చట్టము నుండియే తప్పింపవచ్చును. ఎదుటి అంగడి లేనిచోటనే కట్టుబాటు వదులగుట మాకు రుచింపలేదు.

ఇతరులను తప్పుపట్టుచు మా యింటి మాట దాచుట న్యాయము కాదు. మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక సాయంకాలము మిరపకాయ బజ్జీలు కొనగా, పొట్లము కట్టిన కాగితము మా కార్యక్రమమునకే వచ్చిన శ్రోత యుత్తరము. పేరు, ఊరు, వీధి, కుమార్తె పెండ్లి కుదురనందుకు ఆ తల్లి వ్రాసికొన్న రెండు పంక్తులు స్పష్టముగా నున్నవి. పాత యుత్తరముల నెవరో తూకమునకు అమ్మిరి. ఆ కాగితమును ఇంటికి కొనిపోయి కాల్చితిమి. మరునాటి నుండి మా బీరువాకు తాళము వేసితిమి.

ఇప్పుడు ఉపాధ్యాయులవారికి: అయ్యా, తమరు పింఛను మీద సంతకమేమియు చేయలేదు. మీ బ్రౌజరులో గుర్తులుంచుకొనుటకు ఆ వెబ్‌సైటున కనుమతి మాత్రమిచ్చితిరి. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనుకకు తీసికొను హక్కును క్రొత్త చట్టము చెప్పుచున్నది. ఈలోగా మనుమరాలితో బ్రౌజరు సెట్టింగులు తెరపించి, కుకీలను తుడిచివేయించుడు. ఇతర కంపెనీల కుకీలను ఆపు మీట యు నచ్చటనే యున్నది. తుడిచిన పిమ్మట ఆ వెబ్‌సైటు మిమ్ము మరచి, మరల సంకేతపదము అడుగును. దానిని ముందుగానే ఒక కాగితముపై వ్రాసి, పింఛను పుస్తకముతోపాటు పెట్టెలో ఉంచుకొనుడు.