తెలుగులో పర్యావరణ న్యాయ పదజాలం

పర్యావరణ న్యాయ పదజాలం అనగా గాలి, నీరు, నేల, అడవులు, జీవజాతుల రక్షణకు సంబంధించిన చట్టాలలోను, నోటిఫికేషన్లలోను, న్యాయస్థానాల తీర్పులలోను వాడబడే సాంకేతిక పదాల సముదాయం. భారతదేశంలో ఈ చట్టాల మూలపాఠాలు ఆంగ్లంలో ఉన్నందువలన తెలుగు పదాలు చాలావరకు అనువాదం ద్వారా ఏర్పడినవే. ఆంగ్లంలో వేర్వేరు అర్థాలు గల పదాలకు తెలుగులో ఒకే మాట స్థిరపడడం ఇందులోని ముఖ్యమైన చిక్కు. నది, చెరువు, ఇసుక, చమురు బావి అన్నీ పక్కపక్కనే ఉన్న కోనసీమ వంటి ప్రాంతంలో ఈ చిక్కు నిఘంటువుకే పరిమితం కాదు.

నేపథ్యం

జలకాలుష్య నివారణ చట్టం 1974లోను, వాయుకాలుష్య చట్టం 1981లోను, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లోను వచ్చాయి. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 48-ఎ, 51-ఎ(జి) అధికరణాలు చేరాయి. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. పాఠ్యగ్రంథాలకు, పరిభాషకు తెలుగు అకాడమి 1968లో ఏర్పడింది. అయితే రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం చట్టానికి ప్రామాణిక పాఠం ఆంగ్లమే. కేంద్ర చట్టాల ప్రాంతీయ భాషానువాదాలకు అధికృత హోదా కల్పించే చట్టం 1973లో వచ్చింది.

"పర్యావరణం" సంస్కృత సమాసం: పరి, ఆవరణం. చుట్టూ ఆవరించినది అని అర్థం. బడి పిల్లలకు చెప్పే "పరిసరాలు" దీనికి దగ్గరి మాట. "జీవవైవిధ్యం", "సుస్థిరాభివృద్ధి", "ఉద్గారాలు" ఈ కోవలోనివే. "వాతావరణం" మాత్రం నేటికీ ఇబ్బంది పెడుతున్నది. భూమిని ఆవరించిన గాలిపొరకు, ఈనాటి ఎండవానలకు, దీర్ఘకాలపు శీతోష్ణస్థితికి కూడా ఇదే మాట. భూగోళ పాఠ్యపుస్తకాలు "శీతోష్ణస్థితి" అన్నా, పత్రికలలో "వాతావరణ మార్పు" స్థిరపడింది.

ఒకే మాట, పలు అర్థాలు

అన్నిటికంటె ఎక్కువ బరువు మోస్తున్న మాట "అనుమతి". ఒక పరిశ్రమకు 1986 చట్టం కింద ఇచ్చే క్లియరెన్స్ వేరు. జలకాలుష్య చట్టం 25వ సెక్షను కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే కన్సెంట్ వేరు. రెండవదానికి "సమ్మతి" అనే చక్కని మాట ఉన్నా వార్తలలో అన్నీ అనుమతులే. మొదటిదానిపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు (2010 నాటి చట్టం) అప్పీలు చేసుకోవాలి. రెండవదానిపై ముందుగా 28వ సెక్షను కింద అప్పీలు అధికార సంస్థ వద్దకు వెళ్ళాలి. రెండింటికీ 30 రోజులే సాధారణ గడువు. ఏ అనుమతి వచ్చిందో తెలియని రైతు ఏ తలుపు తట్టాలో తెలియక గడువు పోగొట్టుకునే అవకాశం ఉన్నది.

"ప్రజాభిప్రాయ సేకరణ" కూడా అటువంటిదే. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషనులో ఈ ప్రక్రియకు రెండు భాగాలు: స్థలం వద్ద జరిగే బహిరంగ విచారణ, రాతపూర్వక అభ్యంతరాల స్వీకరణ. తెలుగులో మొత్తం ప్రక్రియకూ, అందులోని సభకూ ఒకే పేరు ఉండడం వలన సభకు రాలేనివారు తమకు మరో దారి లేదనుకుంటారు. నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలని ఈ నోటిఫికేషను నిర్దేశించింది. 2020లో దీనికి బదులుగా ప్రతిపాదించిన ముసాయిదా ఆంగ్లం, హిందీలలోనే వెలువడగా, ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది జూన్ 30న ఆదేశించింది.

"పరిహారం" మరొకటి. బాధితునికి చెల్లించే సొమ్మూ, కాలుష్య కారకుని నుండి మండలి వసూలు చేసే పర్యావరణ పరిహారమూ ఒకటి కావు. రెండవది నేరుగా రైతు చేతికి రాదు.

బాస్క్ భాషతో పోలిక

స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో 1979 తరువాత బాస్క్ సహాధికార భాష అయింది. పదజాల నిర్మాణానికి 1977లో ఉజెయి సంస్థ ఏర్పడింది. యూస్కల్‌టెర్మ్ అనే బహిరంగ పదకోశంలో బాస్క్ పదాలకు ఎదురుగా స్పానిష్, ఆంగ్ల తదితర సమానార్థకాలు లభిస్తాయి. పర్యావరణానికి వారి మాట "ఇంగురుమెన్". "ఇంగురు" అంటే చుట్టుపక్కల. మన "పరిసరం" వంటిదే.

గోదావరి మాటలు

అనువాదకులు వెదకని పదసంపద వాడుకలో ఉన్నది. కోనసీమ జిల్లాలోని కె.గంగవరం మండలంలో కోటిపల్లి గౌతమి ఒడ్డున ఉన్నది. ఈ డెల్టా ప్రాంతంలో పాయల మధ్య ఒండ్రు మేట "లంక", పొలానికి నీరు తెచ్చే చిన్న కాలువ "బోదె", వరదను ఆపేది "ఏటిగట్టు", నదిలో ఇసుక తీసే చోటు "ర్యాంపు". తీరాన పెరిగే చెట్ల సముదాయం "మడ అడవి". "లంక" మద్రాసు రాష్ట్రపు రెవెన్యూ ఆంగ్లంలోకే వెళ్ళింది. "పోరంబోకు" 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పులోకి కూడా ఎక్కింది. ఇంటి దగ్గర మాత్రం అది తిట్టుగా మిగిలింది.

1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు బావి అదుపు తప్పి 65 రోజులు మండినప్పుడు "బ్లోఅవుట్" అనే మాట ఊరూరా తెలిసింది. దానికి తెలుగు మాట స్థిరపడలేదు. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించిన తరువాత "పైపులైను" కూడా అటువంటి మాటే అయింది.

తీర నియంత్రణ నోటిఫికేషనులోని "జోన్"కు "మండలం" అని అనువాదం. అదే మాట తహసీల్దారు కార్యాలయం ఉండే మండలానికీ వాడుతున్నందున, చదివేవాడు తన మండలమంతా నిషిద్ధమైందని భ్రమపడవచ్చు. నిజానికి ఆ హద్దు పోటు రేఖను, అనగా అమావాస్య, పౌర్ణమి పోట్లలో నీరు చేరే గరిష్ఠ రేఖను బట్టి నిర్ణయమవుతుంది. సముద్రం వైపు అది 500 మీటర్లు. పోటు తగిలే నదులకు 2011 నోటిఫికేషను 100 మీటర్లు లేదా నది వెడల్పు, ఏది తక్కువైతే అది అన్నది. 2019 నాటిది ఆ 100ను 50కి తగ్గించింది. పోటు ఎంతవరకు తగులుతుందో తేల్చేది ఎండాకాలపు ఉప్పదనం: వెయ్యికి 5 పాళ్ళు. "ఉప్పునీరు ఎగదన్నింది" అని డెల్టా రైతులు చెప్పేది ఇదే.