ఊపిరి చూడు, నాడి వదిలెయ్

మంగళవారం సాయంత్రం సంపాదకుడు ఫోన్ చేసి, "హైదరాబాద్ మెడికల్ స్కూలుకి ఈ ఏడాదితో 180 ఏళ్లటండీ, శుక్రవారానికి ఏమైనా ఇవ్వగలరా?" అన్నారు. 175 నిండినప్పుడు ఎవరికీ గుర్తు రాలేదేమని అడగబోయి నాలుక కరుచుకున్నాను. అది 2021. ఆక్సిజన్ సిలిండర్ కోసం ఊరంతా తిరుగుతున్న రోజుల్లో వైద్య కళాశాలకి పుట్టినరోజు ఎవరు చేస్తారు?

ఇలాంటి వ్యాసాన్ని చరకుడితో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను మా బాబాయి ఊరితో మొదలుపెడతాను. ఆయనది మందడం. ఇప్పుడది అమరావతి రాజధానిలో కలిసింది గానీ, మా చిన్నప్పుడు దొండపాదులకి, బస్సు రాకపోవడానికి పేరు. పక్కనే మల్కాపురంలో ఒక రాతి శాసనం ఉంది, 1261 నాటిది. గణపతిదేవుడు మందడాన్ని, రుద్రమదేవి వెలగపూడిని గోళకీమఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యులకి ఇస్తే, ఆయన అక్కడ గుడి, బడి, సత్రంతో పాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా పెట్టాడు. వేదాలు, తర్కం, సాహిత్యం చెప్పేవాళ్లు చాలామంది. వైద్యుడు ఒక్కడు. లెక్కలు రాసే కాయస్థుడు ఒక్కడు. డాక్టరుకో గుమాస్తా అన్న ఆ నిష్పత్తిని మనం ఆ తర్వాత బాగా చెడగొట్టుకున్నాం.

అక్కడి నుంచి మూడు శతాబ్దాలు చేతికి దొరకవు. దొరికేది బసవరాజీయం: సంస్కృత శ్లోకాల మధ్య తెలుగు కలిపి రాసిన వైద్య గ్రంథం. సంస్కృతం రాని వైద్యుడికీ మందు తెలియాలని అది రాసినాయన అనుకున్నాడో, తనకి అలా రాస్తేనే హాయిగా ఉందో గానీ, ఆ పుస్తకం పల్లెల్లో తాతల నాటి పెట్టెల్లో చాలాకాలం బతికింది. 1590ల్లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్‌కి కూతవేటు దూరంలో దారుల్‌షిఫా కట్టించాడు. రెండంతస్తుల యునానీ ఆసుపత్రి, అందులోనే హకీములకి చదువు. ఇవాళ ఆ పేరు చెబితే ఆటోవాడికి పేటే గుర్తొస్తుంది, ఆసుపత్రి కాదు.

ఇక 1846. నాలుగో నిజాం నాసిరుద్దౌలాకి ఒంట్లో బాగోలేక, రెసిడెన్సీ వైద్యుణ్ణి పిలిపిస్తే, ఆయన మందు ఇవ్వకుండా పథ్యంతోనే నయం చేశాడని ఒక కథ ఉంది. దానికి మెచ్చి నిజాం మెడికల్ స్కూలు పెట్టించాడట. కథ ఎలా ఉన్నా, స్కూలు మాత్రం డాక్టర్ విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ చేతుల మీదుగా నడిచింది. ఆయన పాఠాలు ఉర్దూలో చెప్పించాడు. ఇంగ్లండు వైద్యం, హిందుస్తానీ నోరు. చదువు పూర్తయితే పట్టా పేరు 'హకీమ్'. 1880ల నడుమ పాఠాలు ఇంగ్లీషులోకి మారాయి. ఆ మార్పు తెచ్చిన కాలంలోనే స్కూలు పెద్దగా వచ్చాడు ఎడ్వర్డ్ లారీ. సంపాదకుడు పేజీ కోత పెడితే పైన చెప్పినదంతా తీసేయవచ్చు, లారీని మాత్రం తీయొద్దని ముందే మనవి చేసుకున్నాను.

లారీ ఎడింబరో మనిషి. అక్కడ జేమ్స్ సైమ్ దగ్గర శస్త్రచికిత్స నేర్చుకున్నాడు. 1847 నవంబరులో ఆ ఊళ్లోనే జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారం వాడకం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరిలో, న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, చికిత్స పూర్తికాకుండానే చనిపోయింది. అప్పటి నుంచి తగువు. క్లోరోఫారం గుండెని ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా? లండన్ డాక్టర్లలో చాలామంది గుండె అన్నారు. విక్టోరియా రాణికి ప్రసవంలో క్లోరోఫారం ఇచ్చిన జాన్ స్నో కూడా గుండె వైపే. ఎడింబరోలో సైమ్ మాత్రం, నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి చూడు అనేవాడు. శిష్యుడికి గురువు మాట వేదం. ఆ వేదం పట్టుకుని లారీ మూసీ ఒడ్డుకి వచ్చాడు.

ఇది ఉత్త పుస్తకాల గొడవ కాదు. క్లోరోఫారం ఇచ్చేవాడి కళ్లు ఎక్కడుండాలన్నదే ప్రశ్న. మా బాబాయి 1960ల చివర తాలూకా ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాడు. తీగ చట్రం మీద గాజుగుడ్డ పరిచి, రోగి ముక్కు మీద పెట్టి, పైనుంచి ఈథర్ బొట్టు బొట్టుగా వేసేవాడు. డాక్టరు కత్తి పనిలో ఉంటే రోగి ప్రాణం ఈయన వేళ్ల మధ్య ఉండేది. "ఒరేయ్, మత్తులోకి దిగేటప్పుడు మనిషి గింజుకుంటాడు, ఊపిరి బిగబడతాడు, మళ్లీ ఒక్కసారిగా గట్టిగా పీలుస్తాడు. ఆ గట్టి పీల్పులోనే యమధర్మరాజు ఉంటాడు" అంటాడు బాబాయి. లారీ పేరు ఆయన ఎన్నడూ వినలేదు.

1888లో లారీ మొదటి హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్ వేయించాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సరంజామాతో 141 ఊరకుక్కల మీద ప్రయోగాలు జరిగాయి. అన్నిట్లోనూ ముందు ఆగింది ఊపిరి, తర్వాతే గుండె అని తేల్చారు. లండన్‌లో లాన్సెట్ పత్రిక ఈ సంగతి విని పెదవి విరిచింది. ఎక్కడో దక్కనులో కుక్కల మీద చేసిన ప్రయోగం, దాంతో ఇన్నేళ్ల అనుభవాన్ని కొట్టేస్తామా అన్నది దాని ధోరణి.

వేరొకరైతే ఘాటుగా ఉత్తరం రాసి ఊరుకునేవారు. లారీ నిజాం దగ్గరికి వెళ్లాడు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఇరవై మూడేళ్లు. పాము కాటేస్తే మహబూబ్ పాషా పేరు తలచుకుంటే చాలు, విషం దిగిపోతుందని జనం నమ్మిన ప్రభువు. ఆయన వెయ్యి పౌన్లు ఇచ్చాడు, లాన్సెట్ తరఫున ఎవరినైనా పంపండి, వచ్చి మీ కళ్లతోనే చూసుకోండి అని. తనని నమ్మని పత్రికకి రానుపోను ఖర్చులిచ్చి సాక్షిగా పిలిపించుకున్న సంస్థానం చరిత్రలో ఇంకొకటుందేమో నాకు తెలియదు. ఆ పని ఒక్కటి చాలు, నాకు మహబూబ్ అలీ పాషా అంటే ఇష్టం.

1889 అక్టోబరులో వచ్చినవాడు టామస్ లాడర్ బ్రంటన్. మందుల శాస్త్రంలో అప్పటి ఇంగ్లండులో పెద్ద తలకాయ. గుండె కూడా ఆగవచ్చనే అభిప్రాయంతోనే ఓడ ఎక్కాడు. లారీ అధ్యక్షుడు, బ్రంటన్, జెరాల్డ్ బామ్‌ఫర్డ్, మన రుస్తుంజీ హకీమ్ సభ్యులు. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు. అంతా కలిపి లెక్క అయిదువందలు దాటింది. వాటిలో నూటయాభైకి పైగా జంతువుల రక్తపోటును యంత్రంతో నమోదు చేశారు. గుండ్రంగా తిరిగే డోలు, దాని చుట్టూ మసి పట్టించిన కాగితం, రక్తం తోసినప్పుడల్లా ఆ మసిలో గీత గీసే సన్నని ములికి. గీసిన ప్రతి గీతనీ ఫొటో తీశారు, రేపు లండన్‌లో ఎవరూ నోరెత్తకుండా.

రెండు నెలల్లోపే బ్రంటన్ పక్షం మారాడు. ప్రమాదం మోతాదు మించడం వల్లా, ఊపిరాడకపోవడం వల్లా తప్ప, నేరుగా గుండె నుంచి రాదని లాన్సెట్‌కి తంతి కొట్టాడు. ఆ తంతి చేరిన రోజు అఫ్జల్‌గంజ్‌లో మిఠాయిలు పంచారో లేదో గానీ, పంచి ఉండాలని నా కోరిక. కమిషన్ చెప్పిన నియమాలు ఇవాళ చదివినా ముచ్చటగా ఉంటాయి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టండి, ఒంటి మీద బిగుతు బట్టలు వదులు చేయండి, ఊపిరికి ఏదీ అడ్డు రానివ్వకండి, మత్తు ఇచ్చేవాడి ధ్యాస అంతా శ్వాస మీదే ఉండాలి.

అయితే ఇందులో ఒక తప్పుంది. ఎక్కడంటే, లారీ గురువు చెప్పినదాన్ని నిరూపించడానికి బయలుదేరాడు, నిరూపించాడు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లీషు డాక్టరు పిల్లుల మీద చేసిన ప్రయోగంలో అసలు సంగతి బయటపడింది. క్లోరోఫారం ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది, నిజమే. కానీ తక్కువ మోతాదులో, మనిషి సగం మత్తులో భయపడి గింజుకునే వేళ, గుండె గతి తప్పి వణికి ఆగిపోగలదు. బాబాయి చెప్పిన గింజులాట క్షణం అదే. లారీ జంతువులకి మత్తు బాగా దట్టించాడు గనక ఆ క్షణం ఆయనకి చిక్కలేదు. లండన్ సగం నిజం, హైదరాబాద్ సగం నిజం. అయినా ఊపిరి వైపు చూడమన్న అలవాటు వల్ల ఎందరు బతికారో లెక్క ఏ డోలు మీదా గీయలేదు.

లారీ చేసిన పనుల్లో నాకు అంతకంటే నచ్చేది ఇంకొకటి. 1885లో ఆయన స్కూల్లోకి ఆడపిల్లల్ని తీసుకున్నాడు. తొలి అయిదుగురిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ అమ్మాయి ఉంది. 1889లో, సరిగ్గా బ్రంటన్ వచ్చిన ఏడాదే, హకీమ్ పట్టా పుచ్చుకుంది. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు నగరంలోని ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇచ్చింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆవిడేనంటారు. 1909లో ఎడింబరో వెళ్తే అక్కడ మత్తు వైద్యానికి విడిగా చదువే లేదు. అందుకని భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుని తిరిగొచ్చింది. లారీ గురువుల ఊరికి ఆయన శిష్యురాలు వెళ్లి, అక్కడ పాఠం లేదని తెలుసుకోవడం నాకు భలే తమాషాగా అనిపిస్తుంది.

ఆవిడ వెళ్లడానికి ముందు ఏడాది, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ఊడ్చేసింది. ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారు. ఆ చోట తర్వాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది. చెట్టు ఇంకా ఉంది.

ఇక్కడి దాకా కథ బాగానే నడిచింది. ఇరవయ్యో శతాబ్దం లోపలికి రాగానే దారం చిక్కుపడుతుంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దారుల్ తర్జుమా అనే అనువాద శాఖలో పండితులు కూర్చుని ఒక్కో శాస్త్ర పదానికి ఉర్దూ పదం పుట్టించారు. మెడికల్ స్కూలు కళాశాల అయి మళ్లీ ఉర్దూలోకి వచ్చింది. అంటే ఉర్దూ, ఇంగ్లీషు, ఉర్దూ, మళ్లీ 1948 తర్వాత ఇంగ్లీషు. తెలుగు? ఆ వరసలో తెలుగుకి వంతే రాలేదు. తెలుగులో వైద్యం చదువుకున్నది పాఠశాలల్లో కాదు, పత్రికల ప్రశ్నలు-జవాబుల శీర్షికల్లో, డాక్టర్ సమరం లాంటివారి పుస్తకాల్లో. 2022 అక్టోబరులో భోపాల్‌లో ఎంబీబీఎస్ మొదటి ఏడాది పుస్తకాలు హిందీలో విడుదలైనప్పుడు మన వాళ్లు రెండు రోజులు టీవీలో అరుచుకుని మానేశారు.

భాష గొడవ అలా ఉండగా ఇంకో తలుపు కథ ఉంది. వైద్యం చదవడానికి అర్హత నియమాల్లో, రెండు చేతులూ స్పర్శతో సహా చెక్కుచెదరకుండా ఉండాలన్న మాట చాలాకాలం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక కూడా. వైకల్యం శాతం చూసి కాదు, ఆ విద్యార్థి ఏం చేయగలడో చూసి తేల్చండని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు: గుర్తింపు తనిఖీలో కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించలేని యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందరికీ అందడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని. వెబ్ పేజీలు చూపులేనివారికీ ఎలా అందాలో చెప్పే అంతర్జాతీయ నియమాలు వచ్చింది 1999లో. తీర్పుకి పాతికేళ్లు పట్టింది.

ఈ తీర్పు విలువ నాకు మా బాబాయి వల్ల అర్థమైంది. ఆయనకి నీటికాసులు వచ్చి చూపు పోయి ఆరేళ్లయింది. ఫోన్‌లో ఆడగొంతు చదివి పెడుతుంది, తెలుగు కూడా. దానితో వార్తలు, వాట్సాప్ అన్నీ లాగించేస్తాడు. ఒక ఆసుపత్రి యాప్‌లో కంటి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోబోతే మాత్రం ఆ గొంతు, "బటన్... బటన్... బటన్... ఇమేజ్" అంటూ పోయింది. ఏ బటన్ ఏమిటో రాసిన పాపాన పోలేదు. చూపులేనివాడు కంటి డాక్టర్ని పట్టుకోవడానికి పక్కింటి కుర్రాడి కళ్లు అరువు తెచ్చుకున్నాడు. ఆ యాప్‌కి వంక పెడుతున్నాను గానీ, మన తెలుగు ముద్రణ సంగతి అంతకంటే ఘోరం. పాత అను ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్ తెరిస్తే కంటికి చక్కటి తెలుగు కనిపిస్తుంది, చెవికి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట వినిపిస్తుంది. మీరు చదువుతున్న ఈ అనుబంధం ఏ బాపతో నేను అడగలేదు. అడిగితే వచ్చే వారం రాయనివ్వరేమో.

క్లోరోఫారం కమిషన్ నివేదిక స్కాన్ ప్రతి దొరికినప్పుడు బాబాయికి పంపాను, ఈథర్ మనిషి గదా అని. నలభై నిమిషాలకి ఫోన్ చేశాడు. "ఏంట్రా, అంతా ఇమేజ్ అంటోంది. బొమ్మల పుస్తకమా?" మసి కాగితం మీద గీతలన్నిటికీ ఫొటోలు తీసి సాక్ష్యం నిలబెట్టిన ఆ నివేదిక ఇప్పుడు అక్షరాలతో సహా మొత్తం ఫొటోయే అయిపోయింది. సరే, ఆదివారం వెళ్లి నేనే చదివి పెట్టాను. ఇంగ్లీషు చదవడం, తెలుగులో చెప్పడం, మధ్యలో ఆయన ఆపడం. వెల్లకిలా పడుకోబెట్టమన్నప్పుడు తలూపాడు. ఊపిరి మీదే ధ్యాస పెట్టమన్నచోట, "మరి నాడి? ఒక వేలు మెడ మీద ఉంచకపోతే ఎట్టా?" అని లారీతో తగువు పెట్టుకున్నాడు. నిజాం వెయ్యి పౌన్ల దగ్గర నవ్వాడు.

జంతువుల పట్టిక చదువుతుంటే మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. పిన్ని కాఫీ తెచ్చి చేతిలో పెట్టింది. గ్లాసు తడుముకుంటూ అడిగాడు:

"ఆ గుర్రాలు ఎవరివిరా? నిజాం లాయంలోవేనా?"