దీపపు స్విచ్చి వైరింగు

దీపపు స్విచ్చి అనగా ఇళ్ళలో విద్యుద్దీపాన్ని వెలిగించడానికి, ఆర్పడానికి విద్యుద్వలయంలో అమర్చే మీట. వాడుకలో దీనిని లైటు స్విచ్చి అంటారు. దీని వైరింగులో అన్నిటికంటే ముఖ్యమైన నియమం, స్విచ్చిని ఎల్లప్పుడూ ఫేజు తీగలోనే అమర్చడం. న్యూట్రల్ తీగలో అమర్చినా దీపం మామూలుగానే వెలుగుతుంది, మామూలుగానే ఆరుతుంది. అందువలన ఈ పొరపాటు చాలాకాలం బయటపడదు. ఒకనాడు దీపాన్ని మార్చబోయిన వ్యక్తికి అది ప్రాణాపాయం కలిగించవచ్చు.

పనిచేసే విధానం

భారతదేశంలో గృహాలకు 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల ఏకాంతర విద్యుత్తు సరఫరా అవుతుంది. ఇంటిలోకి వచ్చే రెండు తీగలలో ఒకటి ఫేజు, రెండవది న్యూట్రల్. న్యూట్రల్ తీగను ట్రాన్స్‌ఫార్మర్ వద్ద భూమికి కలుపుతారు. కావున భూమితో పోల్చినప్పుడు న్యూట్రల్ పొటెన్షియల్ దాదాపు శూన్యం, ఫేజు పొటెన్షియల్ 230 వోల్టులు.

ఫేజు తీగ మొదట ఫ్యూజు లేదా ఎం.సి.బి. గుండా స్విచ్చికి వస్తుంది. స్విచ్చి రెండవ కొస నుండి మరొక తీగ దీపపు హోల్డరుకు వెళుతుంది. న్యూట్రల్ తీగ నేరుగా హోల్డరుకు చేరుతుంది. స్విచ్చిని ఆపినప్పుడు హోల్డరుకు ఫేజు అందదు.

స్విచ్చిని న్యూట్రల్‌లో అమర్చితే, దీపం ఆరి ఉన్నప్పటికీ హోల్డరులో ఫేజు ఉంటుంది. నేలపై నిలబడి హోల్డరు పిన్నును తాకిన వ్యక్తి శరీరం గుండా విద్యుత్తు భూమికి ప్రవహిస్తుంది. స్విచ్చి ఆపి ఉన్నదన్న ధైర్యమే ఇక్కడ ప్రమాదానికి కారణం.

స్విచ్చిని ఆపినా ఎల్.ఇ.డి. బల్బు మసకగా వెలుగుతూ ఉంటే, స్విచ్చి న్యూట్రల్‌లో ఉన్నదేమోనని పరీక్షించాలి. అయితే స్విచ్చిలో చిన్న సూచిక దీపం ఉన్నా, పక్కపక్కనే సాగే తీగల ప్రభావం వలన కూడా ఇలా జరగవచ్చు.

చరిత్ర

తొలినాటి స్విచ్చులలో స్పర్శకాలు నెమ్మదిగా విడిపోవడం వలన వాటి మధ్య నిప్పురవ్వలు లేచి లోహం కాలిపోయేది. 1884లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరంలో జాన్ హెన్రీ హోమ్స్ స్పర్శకాలను క్షణంలో విడదీసే స్విచ్చిని రూపొందించాడు. నేటి స్విచ్చి నొక్కినప్పుడు టక్కుమనడం ఈ సూత్రం వల్లనే. ఆ శబ్దం మెత్తబడినా, చిటపటలు వినిపించినా, స్విచ్చి వేడెక్కినా దానిని మార్చాలి.

తీగలు, సామగ్రి

దీపాల వలయానికి సాధారణంగా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను, 6 ఆంపియర్ల స్విచ్చిని వాడతారు. గీజరు వంటి ఉపకరణాలను ఈ వలయానికి కలపరాదు. స్విచ్చులకు ఐ.ఎస్. 3854, పి.వి.సి. తీగలకు ఐ.ఎస్. 694 భారతీయ ప్రమాణాలు. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తును చూడాలి.

ఫేజుకు ఎరుపు, పసుపు లేదా నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ తీగలు వాడతారు. చెక్క బద్దెలపై తీగలు పరచిన పాత ఇళ్ళలో ఈ రంగులు పాటించి ఉండకపోవచ్చు. కావున రంగును నమ్మక టెస్టరుతో పరీక్షించాలి. స్విచ్చి బోర్డు పెట్టె లోహపుదైతే దానికి ఎర్త్ తప్పనిసరి.

స్విచ్చి మార్చేటప్పుడు జాగ్రత్తలు

1. మెయిన్ స్విచ్చిని ఆపాలి. ఫ్యూజు ఉంటే దానిని తీసి దగ్గర ఉంచుకోవాలి. ఇంట్లోవారికి విషయం చెప్పాలి.
2. ఇన్వర్టరు ఉన్న ఇంటిలో మెయిన్ ఆపగానే దీపాలకు ఇన్వర్టరు నుండి విద్యుత్తు వస్తుంది. కావున దానిని కూడా ఆపాలి.
3. కరెంటు పోయిన సమయాన్ని చూసుకొని పని మొదలుపెట్టరాదు. సరఫరా ఏ క్షణంలోనైనా తిరిగి రావచ్చు.
4. టెస్టరును ముందు కరెంటు ఉన్నచోట వెలిగించి చూసి, తరువాత పనిచేసే చోట పరీక్షించాలి. చెడిపోయిన టెస్టరు వెలగకపోతే కరెంటు లేదని పొరబడే ప్రమాదం ఉంది.
5. ఏ తీగ ఎక్కడ ఉన్నదో గుర్తుపెట్టుకొని విప్పాలి. తీగ పోగులను మెలిపెట్టి, ఒక్క పోగైనా బయటకు రాకుండా మరను గట్టిగా బిగించాలి. తరువాత తీగను మెల్లగా లాగి చూడాలి.
6. తడిచేతులతో, తడినేలపై పనిచేయరాదు.

మెట్ల దీపం

మెట్ల దీపాన్ని కిందనుండి, పైనుండి కూడా వెలిగించడానికి రెండు టూ-వే స్విచ్చులు వాడతారు. ఒక స్విచ్చి ఉమ్మడి టెర్మినల్‌కు ఫేజును, రెండవదాని ఉమ్మడి టెర్మినల్‌కు దీపపు తీగను కలుపుతారు. మిగిలిన టెర్మినల్‌లను రెండు తీగలతో కలుపుతారు. ఇక్కడ కూడా న్యూట్రల్ నేరుగా దీపానికే వెళ్ళాలి.

రక్షణ, నియమాలు

ఎం.సి.బి. తీగలను అధిక ప్రవాహం నుండి కాపాడుతుందే గాని మనిషిని విద్యుద్ఘాతం నుండి కాపాడదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. భూమికి కారే విద్యుత్తును గుర్తించి సరఫరాను ఆపుతుంది. అయితే ఒకేసారి ఫేజును, న్యూట్రల్‌ను తాకిన వ్యక్తిని అది కూడా కాపాడలేదు.

1956 నాటి భారత విద్యుత్ నియమాలు దీపాలు, ఫ్యూజులు, స్విచ్చుల వంటివాటిని మార్చడం మినహా ఇతర వైరింగు పనులు లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారానే జరగాలని నిర్దేశించాయి. తరువాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, 2023లోను భద్రతా నిబంధనలు జారీ చేసింది.

ఎవరికైనా విద్యుద్ఘాతం తగిలితే వారిని చేతితో తాకరాదు. ముందుగా మెయిన్ ఆపాలి. అది వీలుకాకపోతే పొడి కర్రతో తీగను తప్పించి, 108కి ఫోను చేయాలి.